మెడ దగ్గర బెత్తెడు జాగా

మధ్యాహ్నం భోజనాలయ్యాక దర్జీ ఇంటి పెరట్లో నేల గురకపెట్టేది. అది మొదలైందంటే వీధికంతా కునుకు వేళ. చంటిపిల్లల తల్లులు ఆ వైపు కిటికీలు తెరిచిపెట్టుకునేవాళ్ళు. ఎదురింటి ముసలాయన గురక మీద ఇంట్లో ఎవరైనా సణిగితే, "నాది కాదు, దర్జీ పెరటిది" అని తప్పించుకునేవాడు.

నేలకు అంత నిద్ర ఊరికే పట్టలేదు. దర్జీ దానిమీద ఎండుటాకులు, కోసిన గడ్డి, కొబ్బరి పీచు దుప్పటిలా పరిచేవాడు. దాంతో మట్టి బీటలు వారదు, పోసిన నీళ్ళ తడి ఆరిపోదు, కలుపు తలెత్తదు. బెండ, వంగ, గోడవార నిమ్మచెట్టు, అన్నీ కళకళలాడుతుండేవి. ఎక్కడైనా కప్పు పలచబడి మట్టి బయటపడితే నేల నిద్ర చెడి అటూ ఇటూ దొర్లేది, కుండీలు గలగలమనేవి. దర్జీ మిషను ఆపి, సూది చొక్కాకు గుచ్చుకుని వచ్చి, మరో గంపెడు ఆకులు వేసేవాడు.

ఎంత కప్పినా ఆయనకు తనివి తీరదు. భార్య జ్వరంతో పోయినప్పటినుంచి కూతురికి ఎక్కడ గాలి సోకుతుందోనని బెంగ. మండువేసవిలో కూడా మెడకు మఫ్లర్ లేనిదే గడప దాటనిచ్చేవాడు కాదు. దర్జీలు మెడ కొలత తీసేటప్పుడు వదులు కోసం టేపు కింద ఒక వేలు పెడతారు. కూతురి దగ్గరికొచ్చేసరికి ఆయన ఆ వేలు తీసేసేవాడు. పాపం ఆ పిల్ల చొక్కాలన్నీ మెడ దగ్గర బిగుతే.

ఆ పిల్లకే కరెంటు లైన్ల మీద ఉద్యోగం వచ్చింది. స్తంభాలెక్కాలి. ఒకటో తారీకున చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు.

"మన మిషనుండగా ఆ ఎక్కడాలూ దిగడాలూ ఎందుకమ్మా? హాయిగా కూర్చుని చేసుకునే పని."

"నాకు కూర్చోవడమే చేతకాదు నాన్నా."

"అంత ఎత్తున కాలు జారితే?"

"నడుముకు బెల్టు కడతారు. చాలా గట్టిది, నేను చూశా."

"నేనొప్పుకోను. ఇంక ఆ ఊసెత్తకు."

కోపమొచ్చినా భయమేసినా దర్జీ చేసేది ఒక్కటే. పెరట్లోకి వెళ్ళి ఆకులు పోశాడు. ఆరోజే కాదు, ఆ నెలంతా పోస్తూనే ఉన్నాడు. నిమ్మచెట్టు మొదలంటూ కనపడకుండా కాండం చుట్టూ కుప్ప పేర్చి, పైన తడిగడ్డి వేసి కాలితో అదిమాడు. అది చూసి కూతురు తండ్రితో మాటలే తగ్గించేసింది.

గురక రోజురోజుకీ సన్నబడి, నెలాఖరున ఆగిపోయింది. వీధిలో ఎవరికీ కునుకు పట్టలేదు. చంటిపిల్లలు గుక్కపట్టారు. పక్కింటి నర్సు రాత్రి డ్యూటీ చేసొచ్చింది, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చెవులకు స్టెతస్కోపు తగిలించుకునే దర్జీ పెరట్లోకి వచ్చింది.

"ఏంటన్నయ్యా, మీ నేల ఉలుకూ పలుకూ లేదు?"

వంగి స్టెతస్కోపు ఆకుల మీద పెట్టి విన్నది. నిమ్మచెట్టు దగ్గరికొచ్చి కుప్పలోకి చెయ్యి దూర్చింది. లోపల వేడిగా, జిగటగా ఉంది. కాండం బెరడు నల్లబడి మెత్తబడింది.

"ఊపిరాడక చస్తోంది. కప్పమంటే పీక నొక్కమనా? మొదలు చుట్టూ బెత్తెడు జాగా వదలొద్దూ?"

"ఎండకు తట్టుకోలేదేమోనని..." నసిగాడు దర్జీ.

"తట్టుకుంటుంది. మీరు చేతులు తియ్యండి ముందు."

ఆ మాటకు దర్జీ చేతులు నిజంగానే వెనక్కి వెళ్ళాయి. కూతురే మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు పక్కకు లాగింది. చెట్టు మొదలు చుట్టూ మట్టి తేలింది. నేల ఒక పెద్ద ఊపిరి తీసుకుంది. పెరడంతా పరిచిన ఆకులు ఒక్కసారి పైకి లేచి మెల్లగా సర్దుకున్నాయి. కాసేపటికి గురక అందుకుంది. నర్సు ఆవలిస్తూ ఇంటికి వెళ్ళిపోయింది.

కూతురు చెమట తుడుచుకుంటూ మెడపట్టీలోకి వేలు దూర్చి లాక్కుంది. బిగుతు వల్ల మెడ చుట్టూ ఎర్రగా చార పడి ఉంది. ఆ చార ఎన్నాళ్ళనుంచి ఉందో దర్జీకి తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉద్యోగానికి బట్టలేమైనా ఇచ్చారా?" అన్నాడు.

పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. తరవాత లోపలికి పరిగెత్తి, పరుపు కింద దాచిన ఖాకీ గుడ్డ తెచ్చింది. "కుట్టించుకోమన్నారు."

దర్జీ మెడలోంచి టేపు తీసి కూతురి మెడ చుట్టూ వేశాడు. టేపు కింద ఒక వేలు పెట్టాడు. కాసేపు ఆగి, రెండో వేలూ పెట్టాడు.

మర్నాడు ఆ పిల్ల ఖాకీ చొక్కా వేసుకుని వెళ్ళింది. మఫ్లర్ మేకుకే వేలాడుతోంది. మధ్యాహ్నందాకా దర్జీకి కాలుగాలిన పిల్లిలా తిరగడమే సరిపోయింది. చివరికి నిమ్మచెట్టు పక్కన కూలబడి, దాని మొదలు చుట్టూ ఉన్న ఖాళీనే చూస్తూ కూర్చున్నాడు.

ఆ పూట దర్జీ పెరట్లోంచి రెండు గురకలు వినిపిస్తున్నాయని ఎదురింటి ముసలాయన అందరికీ చెప్పాడు. ఆ రెంటిలో ఏదీ తనది కాదని ఒట్టు కూడా పెట్టాడు. ఈసారి ఆయన చెప్పింది నిజమే.