మార్గిత కాదన్న కుళాయి

కోషిత్సె పట్నం దగ్గరి ఆ రోమా జాతివాళ్ళ గూడెం మొదట్లో మునిసిపాలిటీ కారు ఆగగానే మార్గిత గుండె ఝల్లుమంది. అనదూ మరి! చెత్త ఎత్తడం లేదని పోయినేడు పక్కింటి దెజిదేర్ నోరు విప్పాడు. నాలుగు రోజులు తిరక్కుండా బుల్డోజర్ వచ్చి వాడి పాకను నేలమట్టం చేసింది.

"ఏమడిగినా తలూపెయ్, పిన్నీ. కాదన్నావో, చచ్చామే," అని దెజిదేర్ కిటికీ అవతలికి జారుకున్నాడు.

కారు దిగింది యర్మిల, కౌన్సిల్ మెంబరు. గుమ్మం బయటే ఆగి, "లోపలికి రావచ్చా, మార్గిత గారూ?" అంది. గారట! ఆ మర్యాదకి మార్గితకు ఇంకా భయమేసింది. కాఫీ ఇస్తే తాగింది కూడా. ఊరివాళ్ళెవరూ ఆ గూడెంలో మంచినీళ్ళైనా ముట్టరు.

యర్మిల బల్లమీద ప్లాను పరిచింది. "ఇదిగో మరుగుదొడ్డి, దాని గోడకే మంచినీళ్ళ కుళాయి. కట్టకముందే మీ మాట విందామని వచ్చాను."

మార్గిత ప్లాను వంక చూసింది. ఒళ్ళు కడిగిన బేసినులో గిన్నె తొలవని ఇళ్ళు వాళ్ళవి. ఆ కుళాయి నీళ్ళు ఒక్కరూ తాగరు. మళ్ళీ వాగు నీళ్ళే గతి. వాగు నీళ్ళు తాగే మనవడు ఇమ్రిష్ విరేచనాలతో మంచం పట్టాడు. కాదంటే ఇల్లు పోతుందేమో. ఔనంటే పిల్లాడే పోతాడు.

"బా... బాగుందమ్మా."

"నిజంగానా? పక్క గూడెంలో ఇలాగే కట్టాం. ఎవరూ వాడక తాళం పడింది. ఎందుకని అడిగితే ఒక్కరూ చెప్పరు."

లోపలి గదిలో ఇమ్రిష్ మూలిగాడు. పాపం, అరవడానికైనా ఓపిక లేదు వాడికి.

"కుళాయి దూరంగా పెట్టండి తల్లీ!" అనేసింది మార్గిత. "ఆ గోడకుంటే నీళ్ళు మాకు మైల. మా గొంతు దిగవు." అని, దెబ్బ పడబోతున్నట్టు గట్టిగా కళ్ళు మూసుకుంది.

దెబ్బ పడలేదు. "కౌన్సిల్‌లో చెబుతాను. ఒప్పుకుంటారని మాత్రం మాటివ్వలేను," అంది యర్మిల మెల్లగా. "మీ పేరు చెప్పనా, గూడెంలో ఒకావిడ అననా?"

మార్గిత తలెత్తి చూసింది. కిటికీ అవతల దెజిదేర్ వద్దు వద్దని చేతులూపుతున్నాడు.

"నా పేరే చెప్పండి," అంది. "కూల్చడానికొస్తే తిన్నగా నా ఇంటికే రావాలి. పొరపాటున ఇంకెవరిదీ కూల్చకూడదు."