నా చేతి రొట్టె

కోడలు కడుపుతో ఉన్న ఇంట్లో అత్తకు మళ్లీ ముట్టు మొదలైతే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అదెప్పుడో ఆగిపోయిన నాకు ఆ శ్రావణంలో దొడ్లో ఎర్రగా కనబడేసరికి నేను అనుకున్నది అదే. మూత్రంలో నెత్తురు పడుతోందని తోచనే లేదు. పాత గుడ్డలు వెతుక్కుని, ఎవరి కంటా పడకుండా ఉతుక్కున్నాను. మా వాళ్లలో మెడలో లింగం కట్టుకున్న మనిషికి మైల లేదు. ముట్టయినా మూల కూర్చోం, పొయ్యి దగ్గరికి పోతాం. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక్క తోడికోడలు చెన్నవ్వ చెవిలో మాత్రం వేశాను. ఇల్కల్ ఊళ్లో చీరల మగ్గాల వీధిలో మా ఖానావళి, అదే భోజనాల కొట్టు, నడిపేది మేమిద్దరమే. నేను జొన్నరొట్టెలు తడతాను, అది కూరలు చూసుకుంటుంది.

"అయితే కోడలి సీమంతంతో పాటు నీదీ చేసేద్దామా అక్కా!" అంది పగలబడి నవ్వుతూ.

ఆ తర్వాత నేను ఎవరి దగ్గరా నోరు విప్పితే ఒట్టు.

ఉగాది వెళ్లాక మూత్రం ఆగిపోయి గిలగిల్లాడితే మా ఆయన మల్లేశప్ప నన్ను హుబ్బళ్లి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. గొట్టం పెట్టి చూశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు.

"మూత్రాశయంలో క్యాన్సరమ్మా. మొండి రకం. కండలోకి దిగిపోయింది," అంది డాక్టరమ్మ. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?"

ముట్టనుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు. పక్కనే మా ఆయన. తల వంచుకుని "తెలీలేదు" అన్నాను.

మూత్రాశయం మొత్తం తీసెయ్యాలంది. ముందు కొన్నాళ్లు మందు ఎక్కించి, ఆ తర్వాత ఆపరేషన్. పేగు ముక్కతో పొట్ట మీదికి దారి చేసి అక్కడొక సంచి అంటిస్తారట. మూత్రం దాన్లోకి వస్తూనే ఉంటుంది, నిండినప్పుడల్లా పారబొయ్యాలి.

"తియ్యకుండా వేరే దారి లేదా తల్లీ?"

"మందూ కరెంటూ ఇచ్చి చూడొచ్చు. కానీ నీ జబ్బుకి దాన్ని నమ్ముకోమని నేను చెప్పలేను. ఇంకెక్కడికీ పాకలేదు, ఇప్పుడు తీస్తే బతికే ఆశ బాగానే ఉంది. ఆలస్యం చేస్తే మాత్రం నా చేతిలో ఉండదు."

"ఆలోచించుకుంటాం" అన్నాను, చీర బేరం కుదరనట్టు.

చావంటే భయం లేక కాదు. కళ్లు మూస్తే కనబడేది ఒకటే. నేను పొయ్యి ముందు పిండి తడుతుంటాను, చీర కింద సంచి, అవతల ఎవడో వాసనకు ముక్కు చిట్లిస్తాడు. దానికంటే చావే నయమనిపించేది.

వారం తర్వాత ఒక పొద్దున స్నానం చేసి పూజకు లింగాన్ని అరచేతిలో పెట్టుకున్నాను. ఈ ఒంటి మీదా ఇది? దాన్ని దాచుకునే వెండి కాయతో సహా మెడలోంచి తీసి మా ఆయన చేతిలో పెట్టాను.

"నీ దగ్గర ఉంచు. ఇప్పటికే గుడ్డ తడుపుకుంటున్నాను. రేపా సంచి కూడానా? ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు."

మా ఆయన మెతక మనిషి. ఖానావళిలో అప్పు ఎగ్గొట్టినవాణ్ణి కూడా గట్టిగా అనడు. అలాంటివాడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"చచ్చాక మట్టిలో పెట్టేటప్పుడు కూడా తియ్యరే దీన్ని! బతికుండగా నాకిస్తావా? లింగం ఉన్నచోట మైల లేదని కోడలికి చెప్పింది నువ్వు కాదూ?"

"అది ముట్టు సంగతి."

"ముట్టుకు లేని మైల ఉచ్చకొచ్చిందా?" అంటూనే ఏడ్చేశాడు. "సంచి కాకపోతే బిందె కట్టుకో. నాకు నువ్వుండాలి తుంగా."

లింగం మళ్లీ నా మెడలో కట్టబోతే, కన్నీళ్లకు కళ్లు కనబడక ముడి పడలేదు. ఇంత మనిషిని ఇలా ఏడిపించానే అని సిగ్గేసింది. అయినా నా మొండితనం నాదే.

"దేవుడికి లేదు సరే. జనానికి ఉంటుందిగా! నా చేతి రొట్టె ఎవడు తింటాడు?"

"నన్నడిగితే నాకేం తెలుసు? తినేవాళ్లనే అడుగు," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

మధ్యాహ్నం మగ్గాల వాళ్లంతా పంక్తిలో ఉన్నారు. పెనం మీద రొట్టె వేసి లేచి నిలబడ్డాను.

"ఇదిగో, వినండి. నాకు క్యాన్సరు. మూత్రాశయం తీసేస్తారట. ఇకమీదట పొట్టకు సంచి కట్టుకుని ఉంటాను, మూత్రం దాన్లోకి పోతుంది. నా చేతి రొట్టె వద్దనుకునేవాళ్లు ఇప్పుడే చెప్పండి."

"అక్కా, ఊరుకో!" అంటూ చెన్నవ్వ నా కొంగు లాగింది. ఇన్నేళ్లుగా నా రొట్టెను మెచ్చుకుంటూ తిన్న రుద్రప్ప కంచం నెట్టేశాడు. లేచి చెయ్యి కడుక్కుని, నావైపు చూడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు తలలెత్తలేదు, లేవనూలేదు.

నేలలో కూరుకుపోతే బాగుండుననిపించింది. ఇంతకాలం ఏ క్షణానికి భయపడి చచ్చిపోదామనుకున్నానో, ఆ క్షణం అదే. అది వచ్చింది, నా ఎదురుగానే గుమ్మం దాటి పోయింది. నేను మాత్రం నిలబడే ఉన్నాను.

వెనక రొట్టె మాడు వాసన వేస్తోంది. వంగి దాన్ని తీసి పక్కన పడేశాను.

"ఏమయ్యా, డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి, ఆపరేషన్‌కి వస్తున్నానని," అని మా ఆయనకు చెప్పి ఇంకో పిండి ముద్ద తీసుకున్నాను.