ముత్తవ్వ వేలిగీతలు

నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. అరచేతిలో ఇమిడిపోతాను. వేలు ఆనించడానికి పైన చిన్న గాజు పలక ఉంటుంది. ముద్ర సరిపోలితే పచ్చదీపం వెలిగిస్తాను, లేకుంటే కీచుమంటాను. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో కుదుపులు తిని, నిజామాబాద్ దిక్కున ఒక మండల కేంద్రంలో జమున నడిపే ఆన్‌లైన్ సెంటర్‌కు చేరాను.

ప్రభుత్వం వేసే పెట్టుబడి సాయం ఖాతాలో పడాలంటే రైతులు నా మీద వేలు పెట్టి, తాము తామేనని నిరూపించుకోవాలి. ఊరంతా ఎరిగిన మనిషైనా సరే, నా మాటే చెల్లుతుంది. భూమి కౌలుకిచ్చి పట్నంలో ఉండే ఆసాముల వేళ్లు నున్నగా ఉండేవి, ఆనగానే పచ్చదీపం వెలిగేది. పొద్దస్తమానం మట్టిలో మెలిగే వేళ్లతోనే నాకు పేచీ.

ముత్తవ్వ పసుపు పండించే మనిషి. భర్త పోయాక చేను ఆమె పేరు మీదికి మారింది. నెలాఖరులోగా ఆమె వేలిముద్ర పడాలి. సాయం డబ్బు వస్తేనే తవ్వబోయే పసుపు ఉడకబెట్టించగలదు. రాకుంటే చేను కౌలుకిచ్చి, తాను ఇంకొకరి చేలో కూలికి పోవాలి.

ఆమె బొటనవేలు పెట్టింది. కీచుమన్నాను. వేళ్లన్నీ మార్చి మార్చి పెట్టింది. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. నాకు ఒక్క గీతా ఆనలేదు.

"నేను నేనే బిడ్డా. గా మిషన్‌కు జెర చెప్పు" అంది.

జమున ఆమె చేతులు పట్టుకుని చూసింది. పసుపు కొమ్ములు విరిచి విరిచి వేళ్లు రాయిలా గట్టిపడ్డాయి.

"గీతలు అరిగిపోయినయవ్వా. కొన్ని దినాలు పని బంద్ పెట్టు. కొబ్బరినూనె రాసుకో. మళ్ల వస్తయ్."

"పని బంద్ పెడితే నా పసుపు ఎవలు తవ్వుతరు?"

ముత్తవ్వ చెప్పులేసుకుని వెళ్లిపోయింది. జమున ఆ పూట అన్నం డబ్బా తెరవనే లేదు.

తర్వాత జరిగింది నేను చూడలేదు, విన్నాను. గట్టు తగాదాతో ఏళ్లుగా మాటల్లేని తోడికోడలు సాయవ్వ సంగతి తెలిసి, గడ్డపార భుజాన వేసుకుని ముత్తవ్వ చేనుకు వచ్చిందట. వస్తూనే తవ్వడం మొదలుపెట్టిందట. ఆమెను చూసి చుట్టుపక్కల వాళ్లూ దిగారట. ముత్తవ్వను మాత్రం గట్టు మీద కూర్చోబెట్టి, ఒక్క కొమ్మునైనా ముట్టనివ్వలేదట. ఊరికే కూర్చోవడం తెలియని మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని అందరికీ పని చెప్పడం మొదలుపెట్టిందట.

"కూసుంటే నీకింత నోరుంటదని నాకు తెల్వకపాయె" అందట సాయవ్వ. గట్టు తగాదా తర్వాత వాళ్ల మధ్య అదే మొదటి మాట.

నెలాఖరుకు తోడికోడళ్లిద్దరూ సెంటర్‌కు వచ్చారు. ముత్తవ్వ వేళ్లు నూనెతో మెత్తబడ్డాయి. బొటనవేలు పెట్టింది. కీచుమన్నాను. సాయవ్వ ముఖం తిప్పుకుంది. జమున గాజు తుడిచి, ఉంగరపు వేలు పెట్టమంది. ఈసారి సన్నగా, దారపు పోగుల్లా గీతలు కనబడ్డాయి. పచ్చదీపం వెలిగించాను.

ముత్తవ్వ బల్ల మీద కూలబడి చాలాసేపు కళ్లు ఒత్తుకుంది. "ఇగ చాలు, లే. పసుపు ఉడకబెట్టే బట్టీకి మనిషిని మాట్లాడాలె" అని సాయవ్వ ఆమె రెక్క పట్టి లేపింది. ఆ వారం డబ్బు పడింది. ముత్తవ్వ పసుపు తన కళ్లంలోనే ఉడికింది.

ఇప్పుడు ముఖం చూసి గుర్తుపట్టే కెమెరా వచ్చింది. నేను పాత చార్జర్ల మధ్య డబ్బాలో ఉన్నాను. మొన్న ముత్తవ్వ గొంతు వినబడింది. కెమెరా ముందు కూర్చున్నట్టుంది.

"గింతేనా?" అని అడిగింది.

"గింతే అవ్వా" అంది జమున.

డబ్బాలో నా మనసు తేలికపడింది. ఇక ఎవరినీ అనుమానించాల్సిన పని నాకు లేదు.