రెండు వేళ్ల ఎత్తు

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే అక్కా తమ్ముడూ నోటికి తాళం వేసుకునేవాళ్లు. తండ్రి వదిలివెళ్లిన రెండు సీట్ల పాత ఎర్ర కారుకు స్ప్రింగులు సరిచేసే పని వాళ్లది. ఆ కారును తాకుతూ ఎవరైనా అబద్ధమాడితే ముందు ఎడమ చక్రం దగ్గర బాడీ రెండు వేళ్లు కుంగేది. ఆ మనిషే నిజం ఒప్పుకునేదాకా లేచేది కాదు. పక్కింటావిడ ఓసారి బానెట్ మీద చెయ్యేసి తన వయసు చెప్పింది. ఆవిడ చేత నిజం కక్కించేసరికి వారం పట్టింది.

ఆదివారం మైదానంలో ప్లాస్టిక్ కోన్ల మధ్య మెలికలు తిరుగుతూ నడిపే పందెం. గెలిస్తే పెద్ద జట్టులో డ్రైవరుగా చోటు. ఆ చోటు కోసమే అక్క ఆరేళ్లుగా కారును విప్పి బిగిస్తోంది.

గురువారం ఆమె సీట్లో కూర్చుంది. నడిపే మనిషి బరువు మీదే ఎత్తు చూడాలి. తమ్ముడు ముందు ఎడమ చక్రం పక్కన పడుకుని, ఆ మూల ఎత్తు పెంచీ తగ్గించే రింగును స్ప్రింగు కింద తిప్పుతున్నాడు. ఆమె ఉండబట్టలేక అడిగింది.

"ఆదివారం నేనేగా నడిపేది? ఏంటో, గుబులుగా ఉందిరా."

"నువ్వు కాక ఇంకెవరక్కా."

కారు కాస్త కదిలింది. రింగు తిప్పుతున్నాడు కదా అనుకుంది. అతను ఇంకో నాలుగు చుట్లు తిప్పి, టేపు పెట్టి చూసి, "నాలుగు మూలలూ సమం" అన్నాడు. ఆ మాట నిజమే.

ఆదివారం ఆమె హెల్మెట్ పట్టుకుని వచ్చేసరికి సీట్లో టైర్ల కొట్టు ఆసామి ఉన్నాడు. తమ్ముడు బానెట్ మీద చెయ్యి వేసి, తలెత్తకుండా చెప్పాడు.

"ఈయనే నడుపుతాడక్కా. నెల కిందటే మాటిచ్చేశాను. నన్ను తన దగ్గర హెడ్ మెకానిక్‌గా పెట్టుకుంటానన్నాడు."

ముందు ఎడమ మూల రెండు వేళ్లు లేచింది. ఆమెకు గురువారం సంగతి అర్థమైంది. నమ్మించి గొంతు కోశాడు. అబద్ధం చెప్పాడు, సరే; అది కనబడకుండా నాన్న నేర్పిన పనితనంతోనే స్ప్రింగు ఎత్తి కప్పెట్టాడే, దాన్ని ఆమె ఓర్చుకోలేకపోయింది.

ఆసామి కారును దూకించాడు. ఒక మూల లేచిన కారు మూడో మలుపులో గిర్రున తిరిగి పదకొండు కోన్లను పడగొట్టింది. అతను దిగి, తాళాలు తమ్ముడి మీదకు విసిరి, "నీకూ నీ పనితనానికీ ఓ దండం" అని వెళ్లిపోయాడు.

పందెంలో ఒక్కో కారుకు రెండు చుట్లు; ఇంకోటి మిగిలింది. రింగు తిప్పే వ్యవధి లేదు. అక్క సీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంది. తమ్ముడు వచ్చి కిటికీ మీద చెయ్యి వేశాడు.

"తప్పయిపోయిందక్కా. నన్ను క్షమించావా?"

ఆమె వాడి చేతిని కిటికీ మీంచి మెల్లగా తీసేసింది.

"క్షమించాను లేరా."

ముందు ఎడమ మూల రెండు వేళ్లు కుంగింది. కారు సమంగా నిలబడింది. వాడు ఆ చక్రం వంక చూసి వెనక్కి జరిగాడు. జెండా ఊగింది.

ఆమె ఒక్క కోనూ తాకకుండా తిరిగొచ్చి పెద్ద జట్టులో చేరింది. ఆ పాత కారు రింగును మాత్రం ఈనాటికీ ఎవరినీ ముట్టుకోనివ్వదు. కారు షెడ్డులో సమంగానే నిలబడి ఉంది.