ఏడో పేరు

ఎర్మెలిందా టీచర్ నలభై ఏళ్లుగా ఆ ఊరి చర్చి విచారణలో పిల్లలను భద్రమైన అభ్యంగనానికి, అంటే బాప్తిస్మం పొందిన బిడ్డ విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారానికి, తయారు చేస్తోంది. బిషప్‌గారు నుదుట పరిమళ తైలం రాసేటప్పుడు బిడ్డ భుజం మీద చెయ్యి వేసి నిలబడడానికి ఒక జ్ఞానతల్లి కావాలి కదా, అందుకు మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ ఆమెను పిలవలేదు. ఎందుకు పిలుస్తారు? జ్ఞానతల్లి అంటే మెడలో గొలుసు వెయ్యాలి, మడగావ్ పట్నంలో విందు ఇవ్వాలి. బట్టలు కుట్టుకుని బతికే పెళ్లికాని మనిషి ఏమిస్తుంది, జపమాలా? పాఠం చెప్పడానికి ఎర్మెలిందా, ఫొటోలో నిలబడడానికి ఇంకెవరో. ఆ ఊరి తీరే అంత.

అలాంటిది ఈ ఏడు, చేపలమ్మే ఇజబెలిన్ కూతురు సాన్సియా, పదిహేనేళ్ల పిల్ల, సత్యోపదేశం క్లాసు మధ్యలో లేచి అడిగేసింది.

“టీచర్, నాకు జ్ఞానతల్లివి నువ్వే. ఇంకెవరూ వద్దు.”

“పిచ్చిదానా, నా దగ్గర గొలుసు లేదే.”

“గొలుసు ఎవడిక్కావాలి? మా అమ్మ బుట్ట దించి ఇంటికొచ్చేదాకా నీ కుట్టుమిషన్ కిందే కదా నేను పడుకునేదాన్ని!”

ఇంటికి వెళ్లగానే ఎర్మెలిందా పెట్టె అడుగు నుంచి నీలం పట్టుబట్ట తీసి గౌను కత్తిరించుకుంది. ఊరందరికీ కుట్టిన మనిషి, తనకంటూ పట్టు కుట్టుకోవడం అదే మొదలు.

కొత్తగా వచ్చిన ఫాదర్ లోయోలాకు కాగితమంటే ప్రాణం. జ్ఞానతల్లులందరూ తమకు అభ్యంగనం జరిగినట్టు పత్రం చూపించాలన్నాడు. ఎర్మెలిందా నవ్వుకుంది. విచారణ పుస్తకాలు రాసేదే ఆమె. జ్ఞానతల్లులు బిడ్డ పేరు చీటీ మీద రాసిస్తే, దాన్ని గుండ్రటి అక్షరాలతో పుస్తకంలోకి ఎక్కిస్తుంది. పదో ఏట తనకు అభ్యంగనం జరిగినప్పటి పుస్తకాన్ని తెరవాల్సిన పని ఎన్నడూ పడలేదు. బీరువా అడుగున ఉంటే తీసింది.

ఆ పేజీలో కొబ్బరితోటల పెద్ద దొరసాని జ్ఞానతల్లిగా ఆరు పేర్లున్నాయి. తోటల్లో ఇళ్లు వేసుకున్న కూలీల ఆడపిల్లలందరికీ ఆ రోజుల్లో ఆమే జ్ఞానతల్లి. ఆ రోజు ఆమె ముందు నిలబడింది ఏడుగురు. ఏడో పేరు లేదు.

లేనిది ఎర్మెలిందా పేరే. వేలు పెట్టి మళ్లీ చదివింది. తర్వాత మెల్లగా అర్థమైంది, అర్థమయ్యేసరికి ఒళ్లు మండిపోయింది. ఆ రోజు బిషప్‌గారి భోజనానికని దొరసాని వంటింట్లో మసాలా నూరడానికి తల్లులందరూ వెళ్లారు. ఎర్మెలిందా తల్లి ఒక్కతే వెళ్లలేదు. “నా బిడ్డ నుదుట తైలం పడ్డం నేను చూడొద్దా?” అని చర్చిలో కూర్చుంది. ఆపైన ఏడాదిపాటు ఆ తల్లీబిడ్డలను దొరసాని నూతి దగ్గరికి రానివ్వలేదు. నీళ్లు ఆపిందని అమ్మ ఏడ్చింది గాని, చీటీలో పేరు కూడా ఆపిందని ఆ పిచ్చితల్లికి తెలియనే తెలియదు.

“పక్కన నిలబడ్డవాళ్లు ఎవరైనా ఒక్క సంతకం పెడితే చాలు టీచర్,” అన్నాడు ఫాదర్.

ఆ ఆరుగురిలో ముగ్గురు పోయారు, ముగ్గురు బొంబాయి వైపు వెళ్లి జాడ లేకుండా అయ్యారు. మిగిలింది దొరసాని కూతురు ఎస్పెరాన్సా. అదే రోజు, అదే వరసలో తైలం పూయించుకున్న మనిషి. ఇప్పుడు విచారణ సంఘానికి పెద్ద. ఎర్మెలిందా వాళ్ల వరండా మెట్లెక్కింది.

“బాయి, ఆ రోజు నేను మీ పక్కనే ఉన్నాను. బిషప్‌గారు ఆచారంగా చెంప మీద తడితే మీరు ఏడ్చారు. నేను నవ్వాను. మీరు నా కాలు తొక్కారు.”

ఎస్పెరాన్సా చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. పోయిన చేతిని జుట్టు సర్దుకుంటున్నట్టు పైకి జరిపింది.

“ఎప్పటి మాటలు ఎర్మెలిందా! వెనకాల నిలబడ్డ పిల్లలు నాకెలా గుర్తుంటారు?”

“వెనకాల కాదు బాయి, పక్కన.”

“అయితే ఏంటి, మా అమ్మ తప్పు చేసిందని నేను సంతకం పెట్టాలా? చచ్చిపోయిన మనిషి మీద?”

“తప్పు అని నేను అన్లేదు. మీరే అంటున్నారు.”

“టీ తాగి వెళ్లు,” అని ఎస్పెరాన్సా లోపలికి వెళ్లిపోయింది. టీ రాలేదు.

ఫాదర్ ఆలోచించి ఒక దారి చెప్పాడు. “అయితే ఆదివారం పిల్లలతో పాటు మీరూ వరసలో నిలబడండి. క్షణం పని. ముందు మీకు, ఆ తర్వాత మీరు సాన్సియా వెనక.”

“ఇది ఒక్కసారే ఇచ్చేది ఫాదర్. ఆత్మ మీద పడ్డ ముద్ర చెరగదు. మళ్లీ తీసుకుంటే మొదటిదాన్ని అబద్ధం అన్నట్టే. నలభై ఏళ్లుగా పిల్లలకి ఇదే చెబుతున్నాను.”

“పుస్తకంలో లేదు కదండీ,” అన్నాడు ఫాదర్, జాలిగానే.

సంగతి తెలిసి సాన్సియా పరిగెత్తుకొచ్చింది. “పుస్తకం రాసేది నువ్వే కదా? ఆరు పేర్ల కింద నీది ఇరికించెయ్. ఎవడు చూడొచ్చాడు?”

“నోర్ముయ్. ఏం నేర్పాను నీకు?”

“పోనీ మళ్లీ తీసుకో. నాకోసం. బతిమాలుకుంటున్నా టీచర్.”

“అడక్కు తల్లీ. నాకు జరిగింది. జరగలేదని దేవుడి ముందు ఎలా నిలబడను?”

పిల్ల ముఖం మాడిపోయింది. “అంతేలే. నాకన్నా నీకు నీ పాఠమే ఎక్కువ.”

కాదు అనాలని ఎర్మెలిందాకు నోటిదాకా వచ్చింది. కాని ఆ మాట అంటే వరసలో నిలబడాలి. పిల్ల వెళ్లిపోయాక కూడా గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. నీలం గౌను గుండీలు కుట్టకుండానే పెట్టెలోకి వెళ్లింది.

జ్ఞానతల్లి దొరకని పిల్ల కాబట్టి సాన్సియాకు ఫాదర్ ఎస్పెరాన్సాను కుదిర్చాడు. ఆదివారం బిషప్‌గారు పిల్లలను చిరునవ్వుతో అడిగారు. “ఈ సంస్కారం ఒక్కసారే ఎందుకు తీసుకుంటాం? ఎవరు చెబుతారు?”

క్లాసులో ఈ జవాబు అందరికన్నా ముందు అరిచి చెప్పేది సాన్సియానే. ఇప్పుడు తల వంచుకుని చెప్పుల వైపు చూసుకుంది. చివరి బల్ల మీద ఎర్మెలిందా పెదవులు జవాబు మొత్తం చెప్పుకున్నాయి, చప్పుడు లేకుండా. పిల్ల నుదుట తైలం పడింది. భుజం మీద ఎస్పెరాన్సా ఉంగరాల చెయ్యి ఉంది. గొలుసు కూడా పడింది. వెనక్కి వస్తూ సాన్సియా ఆ చివరి బల్ల వైపు చూడలేదు.

అందరూ ఎస్పెరాన్సా ఇంటి విందుకు వెళ్లాక ఎర్మెలిందా పుస్తకం ముందు కూర్చుంది. పిల్లలు ఇరవై ముగ్గురు. చీటీలు ఇరవై రెండు. మళ్లీ లెక్కపెట్టింది. సాన్సియా చీటీ లేదు. బిషప్‌గారి భోజనం హడావుడిలో ఎస్పెరాన్సా మరిచిపోయిందో, చేపలదాని కూతురికి ఇప్పుడేం తొందరలే అనుకుందో.

చీటీ లేనిదే పేరు ఎక్కించొద్దని నియమం పెట్టింది ఫాదరే. వదిలేస్తే అడిగే నాథుడు లేడు. వదిలేసిన పేరు ఎన్నాళ్లకు బయటపడుతుందో ఎర్మెలిందాకు తెలిసినంతగా ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. కలం చేతిలోకి తీసుకుంది. కోపం అలాగే ఉంది, దేవుడి మీద కూడా ఉంది.

రాసింది. బిడ్డ పేరు, తల్లి పేరు, తేదీ. జ్ఞానతల్లి అన్నచోట ఎస్పెరాన్సా పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో, ఒక్క అక్షరం వదలకుండా.