డోర్కస్ నవ్వు

ఫొటో బొమ్మల్ని కదిలించిన మొదటి మనిషి మా అన్నయ్య ఏమస్. మొదటివాడన్న పేరు లండన్‌లో ఎవరో పెద్దమనిషికి పోయిందని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం మా వదినకే చెందాలి.

అన్నయ్య లీడ్స్‌లో తూకం యంత్రాలు బాగుచేసేవాడు. చిన్న గాజు బిళ్లల మీద వరసగా ఫొటోలు తీసి, పట్టీకి బిగించి, దీపం ముందు పిడి తిప్పితే గోడ మీద మనిషి కదిలేది. అలా మొట్టమొదట కదిలింది పక్కింటి డోర్కస్. సోమవారం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే దుప్పటి ఎగిరి మొహాన పడింది, పగలబడి నవ్వింది. ఆమె వెనకాల పాత మిల్లు పొగగొట్టం.

నిజానికి వదిన లవీనియానే తీద్దామనుకున్నాడు. కానీ అప్పటికి వాళ్లమ్మ పోయి ఏడాది తిరగలేదు. సంతాపానికి కట్టిన నల్ల బట్టలు విడవకూడదు, నలుగురిలో నవ్వకూడదు. ఆ నలుపేమో గాజు మీద బొగ్గుముద్దలా పడేది.

"పెళ్లాం ఏడుస్తుంటే ఈయనగారికి పక్కింటావిడ నవ్వు కావాల్సొచ్చింది," అనేది వదిన.

"యాభై దాటిన మనిషి వదినా! ముందు పళ్లు రెండు లేవు కూడానూ."

"లేకపోయినా ఎలా నవ్విందో చూశావా హెస్టర్?"

ఎవరు చూడడానికొచ్చినా డోర్కస్ మా ముందుగది గోడెక్కి నవ్వేది. వదిన టీ కప్పులు ఠపీమని పెట్టి లోపలికి పోయేది. నల్ల బట్టలు విడిచాక కూడా ఆ కోపం పోలేదు.

ఇంతలో లండన్ కబురు వచ్చింది. అక్కడి పెద్దమనిషి పోయిన వేసవిలో బొమ్మ కదిలించాడట, ప్రపంచంలో తనే మొదటట. అన్నయ్యకి తిండి సయించలేదు. ఉన్నట్టుండి ఒకరోజు పనిగదిలో నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పొగగొట్టం కూల్చేసి రెండేళ్లయింది కదే! మన బొమ్మలో అది నిక్షేపంగా నిలబడి ఉంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

ఫొటోగ్రాఫర్ల సంఘంవాళ్లు బొమ్మ చూడడానికి శనివారం మధ్యాహ్నం వస్తామన్నారు. వదినకి అంతవరకే తెలుసు. పొగగొట్టం సంగతి ఆమెతో ఎవరమూ అనలేదు.

"వాళ్ల ముందు కూడా ఆవిడేనా? నన్ను తియ్యండి," అని పట్టుబట్టింది.

అన్నయ్య సంతోషంగా ఒప్పుకున్నాడు. "అయితే పనికిరాని బిళ్లలు చూసి కడిగివ్వు," అన్నాడు. ఫొటోలు తీసేవాళ్ల ఇళ్లల్లో పాత బిళ్లల్ని చాకలిసోడా కలిపిన వేడినీళ్లలో కడిగి బొమ్మ పోగొట్టడం ఆడవాళ్ల పనే. వదిన కడిగిచ్చింది. అన్నయ్య వాటికే కొత్త మందు పూసి, తెల్ల గౌనులో ఆమెని తీశాడు.

శనివారం కిటికీ తెరలు దించారు. గోడ మీద వదిన నవ్వింది. నిజం చెప్పాలంటే ఎంతో అందంగా నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు అసలుది చూడండి," అంటూ అన్నయ్య పెట్టె తెరిచాడు. ఖాళీగా ఉంది.

"లవీనియా, ఇందులోవి ఏవి?"

"కడిగేశాను. మీరు నన్ను తీసింది వాటి మీదే కదండీ."

సంఘం పెద్దాయన టోపీ అందుకున్నాడు. "చాలా బాగుందండీ. లండన్ ఆయనది కూడా అచ్చం ఇలాగే ఉంటుంది," అని మర్యాదగా చెప్పి అందరినీ వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

అన్నయ్య ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు. కళ్లంట నీళ్లు ధారగా కారుతున్నాయి. వదిన గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. ఆమె మొహం జేవురించింది.

"ఆవిడ కోసమేనా ఆ ఏడుపంతా?" అంది.