నడిమి అరుగుదల

శుక్రవారం కారు తుడిచి నాలుగు టైర్లకూ పసుపు కుంకుమ పెట్టడం యశోదమ్మ పని. ఆ శుక్రవారం తడిగుడ్డ కింద టైరు నడిమి భాగం కడిగిన పళ్లెంలా నున్నగా జారింది. అంచుల్లో గాడులు బాగానే ఉన్నాయి. నడుమ మాత్రం లేవు.

ఎందుకో ఆమెకు తెలుసు. మదనపల్లెలో టమోటా వ్యాపారం చేసే భర్త రామమూర్తి, వెనక సీటు పీకి బాక్సులు వేసేటప్పుడు బండి కుంగకుండా నలభై పాయింట్ల దాకా గాలి కొట్టిస్తాడు. బాక్సులు దించాక సీటు తిరిగి బిగిస్తాడు గానీ గాలి తగ్గించడు. ఉబ్బిన టైరుకు నడుమ ఒక్కటే రోడ్డుకు ఆని అరిగిపోతుంది. కారుతో వచ్చిన పుస్తకాన్ని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది ఆమె. మనుషులు పోయే బండికి ఇరవై నాలుగు చాలు.

చెబితే నవ్వాడు. "నువ్వు సాంబారులో ఉప్పు సూసుకో తల్లీ. టైర్లు నేను సూసుకుంటా."

సోమవారం కూతురు సుధారాణిని కుప్పంలో దింపాలి. బడిలో టీచరు ఉద్యోగం. మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది.

అంట్లు తోముతుంటే యశోదమ్మకు గిన్నె అడుగున రోడ్డు కనబడేది. పుంగనూరు దాటాక తడిసి మెరిసే రోడ్డు, దాని మీద నీళ్లలో ఆకులా పక్కకు తేలిపోయే కారు, అద్దంలోంచి ఊగే సుధ చెయ్యి. ఆ రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉండేవాళ్లు, అమ్మ, చెల్లెలు, మూడు నెలలకే పోయిన తొలి బిడ్డ. వాళ్లు పోయేటప్పుడు ఆమె చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఈసారి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం భర్త కునుకు తీస్తుండగా, కొప్పులోని పిన్ను తీసి నాలుగు చక్రాల గాలీ వదిలేసింది. బండి అలిసిన ఆవులా మెల్లగా నేలకు దిగింది.

"ఎవురు చేసినారిది?" రామమూర్తి అరిచాడు.

"నేనే."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా!"

సుధ కళ్లలో నీళ్లు. "నన్ను పంపేది ఇష్టం లేకుంటే నోటితో చెప్పుండొచ్చు గదమ్మా."

"నువ్వు పోవాలనే తీసినా. పోయి చేరాలనే."

వీధి చివర టైర్ల అంగడి బాలప్ప పంపు పట్టుకొచ్చాడు. టైరు తడిమి పంపు పక్కన పెట్టేశాడు. "సా, నడుమంతా గుండయిపోయిండాది. ఈ వానలో బ్రేకేసినా నిలిచేది గాదు."

"అదే, మార్పిద్దామనే నేనూ అనుకుంటాండాను. పాత టైరుకి రబ్బరు అతికించినవి ఉంటాయే, అవి ఎయ్యి."

"కొత్తవి," అంది యశోదమ్మ. "ఈ సైజువే. టైరు మీదనే రాసుండాది."

రామమూర్తి సణుగుతూనే ఒప్పుకున్నాడు. సాయంత్రానికి వాకిట్లో కొత్త టైర్లు బిగించడం అయింది.

"గాలి ఎంత పెట్టల్ల సా?"

"నలభై పెట్టు. రేపు వచ్చేటప్పుడు చౌడేపల్లెలో బాక్సులు ఎత్తుకోవల్ల."

యశోదమ్మ డిక్కీలోంచి సుధ పెట్టె దించింది. గేటుకు అడ్డంగా పెట్టి దాని మీద కూర్చుంది.

"ఇరవై నాలుగు, బాలప్పా."

"ఇంట్లోకి పోతావా లేదా నువ్వు?" అన్నాడు రామమూర్తి. ఆమె కదల్లేదు.

బాలప్ప ఆయన్ని చూశాడు, ఆమెను చూశాడు. ముందు చక్రాలకు గాలి పెట్టి, లేచి వచ్చి ఆమెనే అడిగాడు.

"వెనకవాటికీ అంతేనా మా?"